గొంతుకు కరెంటు పెట్టించే ఏడు వారాలు, ఆ తర్వాత

మా దేవరకొండ దిక్కు రేడియేషన్ అనే మాట ఎవరి నోటా రాదు. "కరెంటు పెట్టడం" అంటారు. మా నాయినకు గొంతు క్యాన్సర్ అని తేలినప్పుడు చూడవచ్చిన ప్రతి చుట్టమూ అడిగింది అదే. "కరెంటు పెట్టాలన్నరా? పెడితే మనిషి మాడిపోతడంట గదా?" షాక్ కొడుతుందనుకున్నవాళ్లు ఉన్నారు. చిన్నపిల్లలను దగ్గరికి రానియ్యొద్దని మా అమ్మను పక్కకు పిలిచి చెప్పినవాళ్లూ ఉన్నారు.

షాక్ కొట్టదు. బల్ల మీద పడుకున్న పది పదిహేను నిమిషాల్లో ఒంటికి ఏమీ తెలియదు. మిషన్ ఆగాక ఒంట్లో ఏ కిరణమూ మిగలదు కాబట్టి మనవడిని ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు. ఇది అంటుకునే జబ్బు కానే కాదు. అసలు కష్టం మిషన్ కింద ఉండదు, ఇంట్లో ఉంటుంది. అదీ చివరి వారాల్లో, ట్రీట్‌మెంట్ అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక ఎక్కువగా ఉంటుంది. ఇది ముందే తెలిసి ఉంటే మేము చాలా తప్పులు చేసేవాళ్లం కాదు. డాక్టర్లు చెప్పలేదని కాదు, చెప్పారు. ఓపీలో వెనక వరుస కట్టి జనం ఉండగా, ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఆ ముక్కలన్నీ ఒక దగ్గర చేర్చి రాస్తున్నాను. నేను డాక్టర్ను కాను, పక్కన ఉండి చూసుకున్న మనిషిని. మీ డాక్టర్ మాట దీనికి భిన్నంగా ఉంటే ఆయన మాటే వినండి.

మొదట గొంతు సంగతి. మెడ లోపల ఒక కూడలి ఉంటుంది. అన్నం దిగేది అక్కడే, గాలి పోయేది అక్కడే, మాట పుట్టేదీ అక్కడే. గొంతు క్యాన్సర్ అని ఒకే పేరుతో పిలుస్తాం కానీ ఆ కూడలిలో ఎక్కడ పుట్టిందన్న దాన్ని బట్టి కథ మారిపోతుంది. మాట పుట్టించే స్వరపేటిక తీగల మీద పుడితే గొంతు వెంటనే బొంగురుపోతుంది కాబట్టి తొందరగా దొరుకుతుంది. మొదటి దశలో దొరికితే ఒక్క రేడియేషన్‌తోనో, లేజర్‌తోనో పదిమందిలో ఇంచుమించు తొమ్మిది మందికి నయమవుతుంది. దానికి వెనక, అన్నం దిగే దారిలో పుడితే చాలాకాలం చప్పుడు చేయదు. ముద్ద అడ్డం పడుతున్నట్టు ఉండటం, మెడలో గడ్డ, ఒక పక్క చెవిపోటు, ఇవే దాని గుర్తులు. గొంతుకూ చెవికీ నరాల దారి ఒకటే కాబట్టి గొంతులో పుండుకు చెవి నొప్పి పెడుతుంది. మా నాయిన నాలుగు నెలలు చెవిలో చుక్కలు వేసుకున్నాడు. ఆ మందు రాసిచ్చిన చోట గొంతులోకి ఎవరూ చూడలేదు. మూడు వారాలు దాటిన బొంగురు గొంతుకైనా, తగ్గని ఒంటిచెవి నొప్పికైనా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర కెమెరా పెట్టి గొంతు చూపించుకోవాలి. బీడీ, చుట్ట, గుట్కా, మందు అలవాటు ఉన్నవాళ్లయితే మరీ.

ముక్క తీసి పరీక్షకు పంపితే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది. పాకదు. ఆ ముక్క లేకుండా ఏ ఆస్పత్రీ వైద్యం మొదలుపెట్టదు. ఆ భయంతో పోగొట్టుకున్న నెల మాత్రం తిరిగి రాదు.

ఇక ఆపరేషనా, కరెంటా అన్న ప్రశ్న. ఇంట్లో గొడవలు అయ్యేది ఇక్కడే. 1991లో అమెరికాలో 332 మంది రోగుల మీద చేసిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. అప్పటిదాకా ముదిరిన స్వరపేటిక క్యాన్సర్ అంటే పేటికను తీసేయడమే. ముందు కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందులు), తర్వాత రేడియేషన్ ఇచ్చి చూస్తే బతికినవాళ్ల సంఖ్య తగ్గలేదు, పైగా 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది. తర్వాత ఆ రెండూ ఒకేసారి ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇప్పుడు చాలామందికి రాసేది అదే. అయితే పేటిక దక్కడం వేరు, అది పని చేయడం వేరు. పుండు పేటిక చుట్టూ ఉండే మెత్తటి ఎముకను (మృదులాస్థిని) తొలుచుకుని బయటికి వచ్చినా, తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా, ఆ పేటికను ఉంచి లాభం లేదు. అప్పుడు డాక్టర్ ఆపరేషన్ అంటే డబ్బుల కోసమని అనుకోవద్దు. "ఉంచితే ఏమవుతుంది, తీస్తే ఏమవుతుంది?" అని అడగండి. అనుమానం తీరకపోతే ఇంకో పెద్దాస్పత్రిలో ఒక వారంలోపు రెండో మాట తీసుకోండి. నాలుగు ఊళ్లు తిరుగుతూ రెండు నెలలు పోగొట్టుకోవద్దు.

ఖర్చు గురించి రెండు మాటలు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ దాని కింద జరుగుతాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉండనే ఉంది. ఆరోగ్యశ్రీ కింద రానివి గది అద్దె, పాలు, గుడ్లు, ఆటోలు, పోయిన కూలి. ఏడు వారాలకు లెక్కేసుకోవలసింది వాటినే.

పళ్లు ముందు

రేడియేషన్ రాశారంటే మొట్టమొదట పళ్ల డాక్టర్ దగ్గరికి పంపుతారు. గొంతుకు జబ్బయితే పళ్లెందుకని మా నాయిన కోపం చేశాడు. కారణం ఉంది. కిరణాలు తగిలిన దవడ ఎముకకు రక్తం సరిగా అందదు. తర్వాత ఎప్పుడైనా పన్ను పీకితే ఆ గాయం మానక ఎముకే చచ్చిపోవచ్చు. అందుకే పాడైన పళ్లను ముందే తీసేసి, రెండు వారాల దాకా గాయం మాననిచ్చి అప్పుడు మొదలుపెడతారు. పదేళ్ల తర్వాత పన్ను నొచ్చినా సరే, "ఇక్కడ రేడియేషన్ అయింది" అని చెప్పకుండా పీకించుకోకూడదు.

మన నల్లగొండవాళ్లకు ఇందులో ఒక చిక్కు ఉంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఫ్లోరైడ్ అంటే వంగిన కాళ్లు, గారపట్టిన పళ్లు గుర్తొస్తాయి. రేడియేషన్ తర్వాత లాలాజలం తగ్గి పళ్లు పుచ్చిపోకుండా డాక్టర్ ఫ్లోరైడ్ పేస్టో, జెల్లో రాస్తే "మళ్లీ అదేనా" అని పారేసినవాళ్లను చూశాను. అది మింగేది కాదు. పంటి పైన పూసి ఉమ్మేసేది. తాగే నీళ్లతో ఏళ్ల తరబడి ఎముకల్లోకి ఎక్కిన ఫ్లోరైడ్ చేసిన పని వేరు, దీని పని వేరు. భయపడకుండా వాడండి.

వారాల లెక్క

మెషిన్ గదిలో ముందు చేసేది ముసుగు. గట్టి ప్లాస్టిక్ జాలీని వేడి నీళ్లలో ముంచుతారు. మెత్తబడ్డాక ముఖం మీద, భుజాల దాకా పరిచి ఒత్తుతారు. చల్లారి అదే ఆకారంలో గట్టిపడుతుంది. రోజూ అది తొడిగి బల్లకు బిగిస్తారు, మనిషి వెంట్రుకవాసి కూడా కదలకుండా. నాయిన బయటికి వచ్చేసరికి నుదుటి మీద, బుగ్గల మీద జాలీ గళ్లు అచ్చుపడి ఉండేవి. గంటకు మాసిపోయేవి. మొదటి రోజు ఊపిరాడనట్టు భయమేసిందన్నాడు. ముసుగులోంచి గాలి బాగానే ఆడుతుంది, లోపలి మనిషిని బయట నుంచి కెమెరాలో చూస్తూనే ఉంటారు, చేయి ఎత్తితే ఆపుతారు. ఈ మూడూ ముందు రోజు చెప్పి తీసుకుపోతే భయం సగం తగ్గుతుంది.

మామూలుగా 35 రోజులు, వారానికి ఐదు చొప్పున ఏడు వారాలు, మొత్తం 70 గ్రే. గ్రే అంటే డోసు కొలత. ఆపరేషన్ తర్వాతయితే ఇది కొంచెం తగ్గుతుంది. మొదటి పది రోజులు ఏమీ కాదు. "ఇంతేనా, ఉత్తగనే భయపడ్డం" అనుకుంటారు. మేమూ అనుకున్నాం. రెండు, మూడో వారాల్లో నోరు ఎర్రబడి రుచి పోతుంది. నాలుగో వారానికి నోట్లో, గొంతులో పుండ్లు, జిగురులాంటి ఉమ్మి, మెడ మీద చర్మం నల్లబడటం మొదలవుతాయి. ఐదు నుంచి ఏడు దాకా ప్రతి గుటకా నరకం. చివరి రోజు తర్వాత ఇంకో వారం, రెండు వారాలు అది ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాతే మెల్లగా దిగుతుంది. చివరి రోజు స్వీట్లు పంచి ఊరికి వచ్చిన ఇళ్లలో పదో రోజున అందరూ బెదిరిపోయేది ఇందుకే. జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. తిరగబెట్టలేదు, ఆ పుండు తన గడువు ప్రకారమే నడుస్తోంది.

రోజు తప్పకుండా పోవడం గురించి గట్టిగా చెప్పాలి. నాలుగో వారం దగ్గర నుంచి మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. రోజూ పడే దెబ్బ వాటి పెరుగుదల కంటే ముందుండాలి. మధ్యలో వారం ఆగితే చేసిన పనిలో కొంత కరిగిపోతుంది. పెళ్లి ఉంది, వరి కోతలు ఉన్నాయి, పత్తి ఏరాలి, ఇవేవీ కారణాలు కావు. మిషన్ చెడిపోయినా, జ్వరమొచ్చినా ఒక రోజు తప్పితే దాన్ని ఎట్లా పూడుస్తారో డాక్టర్నే అడగాలి. శనివారం ఇవ్వడమో, ఒకే రోజు ఆరు గంటల తేడాతో రెండుసార్లు ఇవ్వడమో చేస్తారు.

దేవరకొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైమాటే. మొదటి రెండు వారాలు వచ్చిపోయినా మూడో వారం నుంచి ఆ ప్రయాణం మనిషిని పిండేస్తుంది. ఎవరి ఇల్లయినా, చిన్న గదైనా ఆస్పత్రికి దగ్గరలో చూసుకుని శుక్రవారం సాయంత్రం ఊరికి, సోమవారం పొద్దున వెనక్కి రావడం నయం. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కాబట్టి అమ్మకు టికెట్ ఖర్చు తప్పింది, మాకు అది చిన్న సాయమేమీ కాదు. గద్వాల, మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు రైల్లో వచ్చేవాళ్లు ఆస్పత్రిలో రాయితీ ఫారం నింపించుకోండి. క్యాన్సర్ రోగికీ, తోడు వచ్చేవారికీ టికెట్‌లో ఎక్కువ భాగం తగ్గుతుంది.

ఈ ఏడు వారాల్లో బీడీ ముట్టకూడదన్నది నీతిపాఠం కాదు. కిరణాలు క్యాన్సర్ కణాన్ని చంపాలంటే అక్కడ ఆక్సిజన్ ఉండాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆ ఆక్సిజన్ స్థలాన్ని ఆక్రమిస్తుంది. బీడీ తాగి బల్ల ఎక్కితే ఆ రోజు పెట్టిన కరెంటు పూర్తి బలంతో పని చేయదు. రక్తం తక్కువగా ఉంటే ఎక్కించేది కూడా చాలా వరకు ఇందుకే.

పత్యం

నన్ను అడిగితే ఈ జబ్బులో సగం యుద్ధం వంటింట్లోనే జరుగుతుంది. మన దిక్కు పుండు అనగానే పత్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, మాంసం తింటే పుండు మానదు. మా పెద్దమ్మ ప్రేమతోనే చెప్పింది, మా అమ్మ ప్రేమతోనే పాటించింది. రెండు వారాలు నాయినకు పల్చటి గంజి, మజ్జిగ మాత్రమే పోసింది. నాలుగు కిలోలు తగ్గాడు.

పుండు మానాలంటే కొత్త చర్మం పుట్టాలి. అది మాంసకృత్తులతోనే పుడుతుంది. 50 కిలోల మనిషికి ఈ రోజుల్లో 1500 నుంచి 1750 కేలరీలు, 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, అర లీటరు పాలలో 16 గ్రాముల దాకా ఉంటాయి. గంజిలో దాదాపు ఏమీ ఉండవు. బరువు తగ్గితే ఇంకో నష్టం కూడా ఉంది. ముసుగు వదులవుతుంది, లోపల మెడ కదులుతుంది, కిరణాల గురి తప్పుతుంది. మాకు ఐదో వారంలో మళ్లీ స్కాన్ తీసి కొత్త ముసుగు చేయవలసి వచ్చింది. అప్పుడు గానీ అమ్మ పత్యం మానలేదు.

ఏం పెట్టామంటే, రాగి జావ, కానీ నీళ్లతో కాదు, పాలతో. జొన్న గటకను మెత్తగా ఉడికించి, పెరుగు కలిపి, మిక్సీ పట్టి. పెసరపప్పు, అన్నం కలిపి గుజ్జు చేసి ఒక చెంచా నెయ్యి. ఉడికిన గుడ్డును పాలతో రుబ్బి. వేయించిన పల్లీల పొడి మెత్తగా జల్లించి జావలో. మానేసినవి కారం, చింతపండు, నిమ్మ, వేడి వేడిగా ఏదైనా, గట్టి రొట్టె. ఎవరో తాటికల్లు చలువ చేస్తుందని తెచ్చారు. పుండ్ల మీద కల్లు పోయడమంటే నిప్పు పోయడమే, ఇవ్వలేదు. తినే ముందు నొప్పి తెలియకుండా పుక్కిలించే మందు డాక్టర్ ఇస్తారు, దాని తర్వాత కొన్ని నిమిషాలకు పెడితే నాలుగు గుటకలు ఎక్కువ దిగుతాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా కలిపి మెలకువగా ఉన్నంతసేపు గంటకో, రెండు గంటలకో పుక్కిలించాలి. చవకైన పని, కానీ ఇంత పని చేసేది ఇంకోటి చూడలేదు. మెడ మీద పసుపు, గంధం, విభూతి, నూనె ఏవీ పూయొద్దు. గరుకు తువ్వాల వద్దు, పాత మెత్తటి నూలు పంచె ముక్క చాలు.

ఆరో వారంలో నీళ్లు కూడా దిగలేదు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. గొట్టం వేశారంటే మనిషి పని అయిపోయినట్టే అని మా ఊళ్లో ఒక నమ్మకం. అది నిచ్చెన లాంటిది, ఎక్కాక తీసేస్తారు. మనిషిని కూర్చోబెట్టి, ముక్కు దగ్గర గొట్టం మీదున్న గుర్తు జరగలేదని చూసి, ముందు కొన్ని నీళ్లు పోసి, పెద్ద సిరంజి పైకెత్తి పట్టుకుని వడకట్టిన జావ తనంతట తాను దిగేలా పోయాలి. ఒక విడతకు 200 మిల్లీలీటర్ల పైచిలుకు, పదిహేను ఇరవై నిమిషాలు. మళ్లీ నీళ్లు. తర్వాత కనీసం అరగంట పడుకోనివ్వకూడదు. గుర్తు జరిగినా, పోస్తుంటే దగ్గు వచ్చినా ఆపేసి ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

మొదటి రోజు అమ్మ సిరంజి పట్టుకుంటే నేను జావ పోస్తున్నాను. నాయినకు మాట రావడం లేదు, పిల్లల పలక ఒకటి పక్కన పెట్టాం. సిరంజిలో జావ మట్టం దిగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నవాడు పలక తీసుకుని ఏదో రాసి అమ్మ వైపు తిప్పాడు. "ఉప్పేసినవా?" ఆ గొట్టంలో పోయేది నాలుకకు తగలదు, ఆయనకు రుచి పోయి నెల. అమ్మ లేచి వంటింట్లోకి పోయి చిటికెడు ఉప్పు తెచ్చి కలిపింది. గొట్టం తీసేదాకా ప్రతి పూటా కలిపింది.

గొట్టం ఉన్నా సరే గుటక మానకూడదు. ఏ కండరమైనా వాడకపోతే బిగుసుకుపోతుంది. డాక్టర్ సరేనంటే రోజూ కొన్ని చెంచాల నీళ్లయినా మింగాలి. నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంటోందా అని రోజూ చూసుకోవాలి. స్పీచ్ థెరపిస్ట్ మింగే కసరత్తులు నేర్పుతారు. మూడు నెలలు గుటక మానేసినవాళ్లలో కొందరికి గొట్టం శాశ్వతమవుతుంది. నొప్పి మాత్రలు ఇచ్చేది ఈ గుటక కోసమే. మార్ఫిన్ రాస్తే ఆఖరి మందు అని హడలిపోకండి, చెప్పిన లెక్కలో వాడండి. మలబద్ధకం తప్పదు కాబట్టి దానికి మందు మొదటి రోజు నుంచే అడగండి.

కీమో కూడా ఉంటే రెండు జాగ్రత్తలు. సాధారణంగా ఇచ్చే సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద, చెవుల మీద భారం వేస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకోవడం మనకు అలవాటు. డైక్లోఫెనాక్ లాంటివి దీనికి తోడైతే కిడ్నీలు దెబ్బతింటాయి, వేయించొద్దు. చెవుల్లో గుయ్‌మంటే చెప్పాలి. జ్వరం 100.4 దాటితే పొద్దున చూద్దామని పడుకోవద్దు, తెల్ల రక్తకణాలు పడిపోయిన మనిషికి ఆ రాత్రే ప్రాణాంతకం కావచ్చు. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడొచ్చినా, నోట్లోంచి రక్తం పడినా అంతే, వెంటనే అంబులెన్స్.

మనిషికి చెప్పాలా

మేము మొదటి మూడు వారాలు నాయినకు క్యాన్సర్ అని చెప్పలేదు. "గొంతులో పుండు" అన్నాం. రెడ్‌హిల్స్ ఆస్పత్రి బోర్డు చదవడం వచ్చిన మనిషికి అది ఎన్నాళ్లు దాగుతుంది? తెలిసి కూడా మా కోసం తెలియనట్టు ఉన్నాడని తర్వాత అర్థమైంది. గొంతు వైద్యంలో దాచడం ఇంకా నష్టం. పుక్కిలించేది, మింగేది, బీడీ మానేది ఆయన. ఎందుకో తెలియకుండా అంత బాధ ఎవరు పడతారు? నయం చేసే దశ దాటిన కుటుంబాలకు కూడా ఇదే మాట చెబుతాను. అప్పుడు చేయవలసిన వైద్యం వేరే ఉంది. నొప్పి లేకుండా చూసే పాలియేటివ్ కేర్ ఎంఎన్‌జేలో ఉంది, జిల్లా ఆస్పత్రుల్లోనూ కేంద్రాలు తెరిచారు. అడగండి.

మెడకు రంధ్రం పెట్టిన వాళ్ల గురించి ఒక గందరగోళం తీర్చాలి. రంధ్రాలు రెండు రకాలు. ఊపిరి ఆడటానికి గొట్టం పెట్టే ట్రకియాస్టమీ చాలాసార్లు తాత్కాలికం, ముక్కు దారి లోపల అట్లాగే ఉంటుంది. స్వరపేటిక మొత్తం తీసేస్తే మాత్రం ముక్కుకూ ఊపిరితిత్తులకూ సంబంధం తెగిపోతుంది, మెడ రంధ్రమే ముక్కు. దాన్ని మూయకూడదు. ఆపదలో ఆక్సిజన్ పెట్టవలసింది కూడా అక్కడే. ఆ సంగతి రాసిన చీటీ ఎప్పుడూ జేబులో ఉండాలి. దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి పలచటి తడిగుడ్డ కప్పుకోవాలి, వడ్లు తూర్పారబట్టే చోటికి, మందు కొట్టే చేలోకి పోకూడదు. బావిలో, కృష్ణలో మునగడం ఇక లేదు. చెంబుతో పోసుకోవడమే, అదీ మెడ కిందికి. మాట పూర్తిగా పోయినట్టు కాదు. గాలిగొట్టానికీ అన్నం గొట్టానికీ మధ్య అమర్చే చిన్న కవాటంతో చాలామంది మాట్లాడతారు. బెంగళూరు డాక్టర్ విశాల్ రావు పేదవాళ్ల కోసం చాలా తక్కువ ధరలో అలాంటిదాన్ని తయారుచేశారు. మెడకు ఆనించి మాట్లాడే ఎలక్ట్రానిక్ పరికరమూ ఉంది.

ఆ తర్వాత ఏం ఉంటుందో కూడా చెబుతాను. క్యాన్సర్ ఇంకా మిగిలిందేమో చూపే పెట్ స్కాన్ కోసం నెల తిరక్కుండానే తొందరపడతారు. మానుతున్న పుండు కూడా అందులో వెలుగుతుంది, అనవసరంగా టెన్షన్. అందుకే 12 వారాలు ఆగమంటారు. రుచి రెండు మూడు నెలలకు తిరగడం మొదలై ఏడాది దాకా సర్దుకుంటూ ఉంటుంది. లాలాజలం పూర్తిగా రాకపోవచ్చు. మెడలో కిరణాలు థైరాయిడ్‌కూ తగులుతాయి కాబట్టి ఆరు నెలలకో, ఏడాదికో థైరాయిడ్ ఎట్లా పని చేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించాలి. ఉత్తగనే అలసట, బరువు పెరగడం, చలి అంటే వయసు అనుకుని వదిలేయొద్దు. మొదటి రెండేళ్లు చెకప్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి, తిరగబెడితే ఎక్కువగా అప్పుడే కాబట్టి.

నాయిన ఇప్పుడు జొన్నరొట్టె తింటాడు, పాలలో నానబెట్టుకుని. ఎక్కడికి పోయినా నీళ్ల సీసా సంకలో ఉంటుంది. ప్రతి ముద్దకూ ఒక గుక్క కావాలి. పచ్చిపులుసు మాత్రం ఇంకా మండుతుందంటాడు. అమ్మ ఆయన కోసం మిరపకాయ వేయకుండా చేసి వేరే గిన్నెలో పెడుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో రోజూ అడుగుతుంది.